యూనిట్ – 9 : నక్షత్రాలు, పురాణగాథలు, క్రైస్తవ మత ఆవిర్భావం – ఆధారాల పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• క్రైస్తవ మతం జ్యోతిషం నుంచి, ప్రాచీన పురాణగాథల నుంచి పుట్టిందనే వాదాలు ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చాయో చెప్పగలుగుతారు.
• రెండు కథల మధ్య పోలిక కనిపించినప్పుడు దాన్ని పరీక్షించే పద్ధతిని వివరించగలుగుతారు.
• ఆ పద్ధతిని అమరావతి శిల్పాలకు, పల్నాటి వీరగాథకు, పంచాంగానికి అన్వయించగలుగుతారు.

9.1 పరిచయం

డిసెంబర్ వచ్చిందంటే క్రోసూరు, సత్తెనపల్లి, గురజాల ప్రాంతాల్లో క్రైస్తవ కుటుంబాల ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. నెల తిరగకముందే అవే వీధుల్లో సంక్రాంతి ముగ్గులు పడతాయి. ఒకటి యేసు జననానికి గుర్తు, మరొకటి సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే రోజు. ఈ రెండింటికీ సంబంధం ఉందా? "యేసు కథ సూర్యుడి కథే", "పన్నెండుమంది శిష్యులంటే పన్నెండు రాశులే", "అదంతా బుద్ధుడి కథ నుంచి, కృష్ణుడి కథ నుంచి తీసుకున్నదే" అనే మాటలు మీరూ వినే ఉంటారు. ఫోనుల్లో తిరిగే వీడియోల్లో ఇవి రుజువైన సత్యాలుగా కనిపిస్తాయి. వాటిని ఖండించేవారు కూడా చాలాసార్లు ఆధారాల జోలికి పోకుండా కోపంతోనే సరిపెడతారు.

చరిత్ర విద్యార్థి పని ఈ రెండింటికీ భిన్నమైనది. ఒక విశ్వాసం సత్యమా కాదా అని తేల్చడం ఈ పాఠం ఉద్దేశం కాదు. ఒక చారిత్రక వాదం ఆధారాల మీద నిలుస్తుందా లేదా అన్నదే మనం చూస్తాం. పల్నాడులో ఈ తేడా తెలుసుకోవడం అవసరం కూడా. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు చేరి, తరవాత గురజాల కేంద్రంగా పల్నాడులో పనిచేసినప్పటి నుంచి లూథరన్ సంఘాలు ఇక్కడి గ్రామ జీవితంలో భాగమయ్యాయి. పక్కింటివారి మతాన్ని "దొంగిలించిన కథ" అనే ముందు ఆ మాటకు రుజువేమిటో అడగడం మన బాధ్యత.

9.2 వాదాల చరిత్ర

ఈ వాదాలు ప్రాచీనమైనవి కావు. ఫ్రెంచి విప్లవ కాలంలో చర్చి అధికారాన్ని ఎదిరించిన మేధావులు వీటికి రూపమిచ్చారు. వోల్నీ 1791లో వెలువరించిన గ్రంథంలో క్రీస్తు, కృష్ణ అనే పేర్ల పోలికను ఎత్తిచూపాడు. 1795లో చార్ల్స్ ఫ్రాంస్వా డ్యూప్యుయి ఇంకా ముందుకు వెళ్లి, అన్ని మతాలకూ మూలం సూర్యుడి వార్షిక గమనమేననీ, క్రీస్తు సూర్యుడేననీ, శిష్యులు పన్నెండు రాశులేననీ వాదించాడు. 1875లో అమెరికాలో కెర్సీ గ్రేవ్స్ సిలువ వేయబడిన రక్షకులు పదహారుమంది ఉన్నారని రాసి, వారిలో కృష్ణుణ్ని కూడా చేర్చాడు. 1882లో జర్మనీలో రుడాల్ఫ్ సైడెల్ సువార్త కథనాలకూ బుద్ధుడి జీవిత కథకూ పోలికలు చూపి, అరువు జరిగిందన్నాడు.

డ్యూప్యుయి పద్ధతికి 1827లో ఒక సరదా జవాబు వచ్చింది. ఝాఁ బతిస్త్ పెరెస్ అనే ఫ్రెంచి రచయిత అదే పద్ధతిలో నెపోలియన్ అనే మనిషి ఎన్నడూ లేడని "నిరూపించాడు". నెపోలియన్ పేరు అపొల్లో అనే సూర్యదేవుడిని గుర్తు చేస్తుంది. తల్లి లెటీషియా అంటే అపొల్లో తల్లి లేటో. నలుగురు సోదరులు నాలుగు రుతువులు. పన్నెండుమంది సేనానులు పన్నెండు రాశులు. అతడు తూర్పున ఈజిప్టు నుంచి వచ్చాడు, పడమటి సముద్రంలో అస్తమించాడు. కాబట్టి అతడు సూర్యుడే! నెపోలియన్ చనిపోయి అప్పటికి ఆరేళ్లే అయింది.

ఈ ప్రయోగాన్ని మీరు పల్నాడులోనే చేసి చూడవచ్చు. పల్నాటి వీరుడు బాలచంద్రుడి పేరుకు అర్థం నెలవంక. అతడు పెరిగి పూర్ణకళ పొందకముందే యుద్ధంలో ఒరిగాడు. కారంపూడిలో వీరుల ఆరాధన ఉత్సవాలు కార్తిక అమావాస్యకు, అంటే చంద్రుడు కనిపించని రోజున మొదలవుతాయి. తండ్రి బ్రహ్మనాయుణ్ని జనం విష్ణు అంశగా భావిస్తారు. శత్రుపక్షాన ఉన్నది నాగమ్మ. చంద్రుణ్ని మింగే రాహుకేతువులు సర్పరూపాలే కదా! కాబట్టి పల్నాటి యుద్ధం చంద్రగ్రహణపు కథ తప్ప మరేమీ కాదని వాదించవచ్చు. వినడానికి ఎంత అందంగా ఉన్నా ఈ వాదం తప్పు. 12వ శతాబ్దం చివర హైహయ రాజకుటుంబంలో జరిగిన దాయాదుల పోరు ఈ గాథ వెనుక ఉంది. కథ చుట్టూ దైవాంశలు, శుభసంఖ్యలు, తిథులు చేరినంత మాత్రాన లోపల చరిత్ర లేదని చెప్పలేం. అలాగే లోపల చరిత్ర ఉన్నంత మాత్రాన కథలోని ప్రతి మాటా చరిత్ర కాదు. ఈ రెండు వాక్యాలనూ గుర్తుంచుకోండి.

9.3 పోలికను పరీక్షించే పద్ధతి

రెండు కథలు ఒకేలా కనిపించినప్పుడు ఐదు ప్రశ్నలు వేయాలి.

1. కాలం: ఏ ఆధారం ముందుది? కథ జరిగిందని చెప్పే కాలం కాక, ఆ కథ రాతలోనో రాతిమీదో నమోదైన కాలం చూడాలి.
2. మార్గం: ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి ఆ కథ చేరే దారి ఉందా? వ్యాపారం, రాయబారం, అనువాదం వంటి ఆనవాళ్లు ఉన్నాయా?
3. ప్రత్యేకత: పోలిక సాధారణమైనదా, అరుదైనదా? గొప్పవాడి పుట్టుకకు శకునాలు చెప్పడం లోకమంతటా ఉంది. వరస తప్పకుండా మూడు నాలుగు విచిత్రమైన వివరాలు కలిస్తేనే అరువు అనే అనుమానానికి బలం.
4. తేడాలు: పోలికల జాబితాతో పాటు తేడాల జాబితా కూడా రాశామా?
5. దగ్గరి మూలం: ఇంటి పక్కనే మూలం దొరుకుతుంటే దూరదేశానికి వెళ్లాల్సిన పని ఉందా?

ఉదాహరణకు గ్రేవ్స్ జాబితాను చూడండి. కృష్ణుడు సిలువ మీద చనిపోయాడని భారతంలోనూ లేదు, భాగవతంలోనూ లేదు. జర అనే వేటగాడి బాణం పాదానికి తగిలి అవతారం చాలించాడని ఉంది. కన్యకు పుట్టాడనడం కూడా కుదరదు, దేవకికి అతడు ఎనిమిదో సంతానం. పారశీక మూలాలున్న మిత్ర దేవుడి రోమన్ ఆరాధనలో ఆ దేవుడు కన్యకు కాక బండరాతి నుంచి పుడతాడు. పైగా ఆ ఆరాధనకు రోమన్ సామ్రాజ్యంలో దొరికిన ఆధారాలు క్రీ.శ. 1వ శతాబ్దం చివరి నుంచి మాత్రమే మొదలవుతాయి. ఈజిప్టు గాథలో ఐసిస్ చనిపోయిన భర్త ఒసైరిస్ వల్లే హోరస్‌ను గర్భం ధరిస్తుంది. మూలగ్రంథం తెరిస్తే చాలు, ఈ పోలికలు కరిగిపోతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) పెరెస్ నెపోలియన్ గురించి అలా ఎందుకు రాశాడు?
(ఆ) పైన చెప్పిన ఐదు ప్రశ్నల్లో గ్రేవ్స్ జాబితా ఏ ప్రశ్న దగ్గర విఫలమైంది?

9.4 తూర్పు నక్షత్రం

జ్యోతిషంతో క్రైస్తవ గ్రంథాలకు ఉన్న సంబంధాల్లో అన్నిటికంటే స్పష్టమైనది మత్తయి సువార్త రెండో అధ్యాయంలో ఉంది. నక్షత్రం చూసి తూర్పు నుంచి కొందరు యెరూషలేముకు వస్తారు. తెలుగు బైబిలు వారిని "జ్ఞానులు" అంటుంది. గ్రీకు మూలంలో ఉన్న మాట "మాగోయి". ఆ మాట మొదట పారశీక పురోహితులకు చెల్లింది. తరవాత నక్షత్రశాస్త్రం, శకునాలు, మంత్రవిద్య తెలిసినవారందరికీ వాడారు. ఇదే మాట అపొస్తలుల కార్యములలో పౌలును ఎదిరించిన ఒక వ్యక్తికి వాడినప్పుడు తెలుగు అనువాదం "గారడీవాడు" అంటుంది. ఒకే గ్రీకు మాటకు ఒకచోట గౌరవం, మరోచోట నింద. అనువాదం మాత్రమే చదివితే ఈ సంగతి మనకు తెలియదు. జ్ఞానులు ముగ్గురని కూడా మత్తయి చెప్పలేదు. కానుకలు మూడు కాబట్టి తరవాతివారు ముగ్గురన్నారు.

ఆ నక్షత్రం ఏమిటి? 1603 చివరలో గురు, శని గ్రహాలు దగ్గరగా రావడం చూసిన యోహానెస్ కెప్లర్ వెనక్కి లెక్కగట్టి, క్రీ.పూ. 7లో అవే గ్రహాలు కలిశాయని గుర్తించాడు. ఆ ఏడాది మీనరాశిలో అవి మూడుసార్లు దగ్గరయ్యాయి. హేరోదు రాజు క్రీ.పూ. 4లో చనిపోయాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం కాబట్టి యేసు జననం అంతకు ముందే జరిగి ఉండాలి. కాలం సరిపోతుంది. అయితే ఆ గ్రహాలు ఒకే నక్షత్రంగా కనిపించేంత దగ్గరకు రాలేదు. వాటి మధ్య చంద్రబింబాల వెడల్పుకు దాదాపు రెండింతల ఎడం ఉంది. క్రీ.పూ. 12లో హేలీ తోకచుక్క కనిపించింది, కానీ అది మరీ ముందు. ఇలా ఏ ఆకాశ ఘటన తీసుకున్నా ఏదో ఒక చోట పొసగదు.

ఐదో ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది. యూదుల గ్రంథమైన సంఖ్యాకాండంలోనే, తూర్పు నుంచి వచ్చిన బిలాము యాకోబు వంశంలో నక్షత్రం ఉదయిస్తుందని చెబుతాడు. రోమన్ ప్రపంచంలో రాజుల జననమరణాలకు ఆకాశ సూచనలు చెప్పడం మామూలే. జూలియస్ సీజర్ మరణించిన క్రీ.పూ. 44లో కనిపించిన తోకచుక్కను అతడి దైవత్వానికి గుర్తన్నారు. క్రీ.శ. 66లో అర్మీనియా రాజు టిరిడేటిస్ మాగీలతో కలిసి తూర్పు నుంచి రోముకు వచ్చి నీరో చక్రవర్తికి మొక్కాడు. మత్తయి సువార్త ఆ తరవాత రాసినదేనని ఎక్కువమంది పండితుల అంచనా. ఆ కాలపు పాఠకుడికి ఈ కథ చెప్పే సందేశం స్పష్టం: తూర్పు పండితులు మొక్కాల్సిన రాజు రోములో లేడు, బేత్లెహేములో ఉన్నాడు. అంటే జ్యోతిషం ఈ కథకు భాష ఇచ్చింది. మతానికే పుట్టుక ఇచ్చిందనడానికి మాత్రం ఇది చాలదు.

9.5 డిసెంబర్ 25, మకర సంక్రాంతి

యేసు పుట్టిన తేదీ ఏ సువార్తలోనూ లేదు. రోములో 354లో కూర్చిన ఒక కాలక్రమ గ్రంథంలో డిసెంబర్ 25ను క్రీస్తు జన్మదినంగా చూపే జాబితా ఉంది. అదే గ్రంథంలోని రోమన్ పండుగల పట్టికలో ఆ రోజు "అజేయుడి జన్మదినం". అజేయుడంటే సూర్యుడని సాధారణంగా అర్థం చేస్తారు. 274లో ఆరేలియన్ చక్రవర్తి రోములో సూర్యుడికి గొప్ప ఆలయం కట్టించాడు. అందువల్ల క్రైస్తవులు సూర్యపండుగ రోజును తీసుకున్నారని ఒక వాదం. మరో వాదం ప్రకారం, యేసు మరణించిన రోజు మార్చి 25 అని కొందరు తొలి క్రైస్తవులు లెక్కగట్టారు. గర్భధారణ కూడా అదే రోజున జరిగిందని నమ్మి, తొమ్మిది నెలలు కలిపి డిసెంబర్ 25కు చేరారు. పండితుల్లో ఈ చర్చ ఇంకా ముగియలేదు.

ఈ రెండింట్లో ఏది నిజమైనా ఒక విషయం మారదు. తేదీ స్థిరపడింది 4వ శతాబ్దంలో, పౌలు లేఖలు రాసింది 1వ శతాబ్దం మధ్యలో. ఒక పండుగ తేదీ మూలం వేరు, ఆ మతం మూలం వేరు. మూడు వందల ఏళ్ల తరవాత చేరిన తేదీతో మొదటి శతాబ్దపు ఆవిర్భావాన్ని వివరించడం కాలక్రమ దోషం.

ఇప్పుడు సంక్రాంతి సంగతి. సూర్యుడు ఉత్తరం వైపు మళ్లేది డిసెంబర్ 21 లేదా 22న. మనం ఉత్తరాయణ పుణ్యకాలం పాటించేది జనవరి 14 లేదా 15న. ఇరవై నాలుగు రోజుల ఈ తేడాకు కారణం అయనచలనం. భూమి అక్షం బొంగరంలా నెమ్మదిగా దిశ మార్చుకోవడం వల్ల అయన, విషువ బిందువులు నక్షత్రాల మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతాయి. మన పంచాంగం నక్షత్రాలను పట్టుకుంది, యూరప్ క్యాలెండరు రుతువులను పట్టుకుంది. జూలియస్ సీజర్ క్యాలెండరు మొదలైనప్పుడు రోమన్లు డిసెంబర్ 25నే అయనదినంగా లెక్కించేవారు. కాబట్టి క్రిస్మస్, సంక్రాంతి ఒకే ఆకాశ ఘటన దగ్గరకు చేరుతాయి. కానీ ఒకటి మరొకదాని నుంచి పుట్టలేదు. ఇద్దరూ చూసిన సూర్యుడు ఒక్కడే.

9.6 మీన యుగం, పన్నెండు సంఖ్య

వసంత విషువత్తు మీనరాశిలోకి జరిగింది కాబట్టే క్రైస్తవులు చేప గుర్తు పెట్టుకున్నారని మరో వాదం. అయనచలనాన్ని హిప్పార్కస్ క్రీ.పూ. 2వ శతాబ్దంలో గుర్తించిన మాట నిజమే. అయితే చేప గుర్తుకు తొలి క్రైస్తవులు చెప్పుకున్న కారణాలు వేరు. గ్రీకులో చేప అనే మాటలోని అక్షరాలను విడదీస్తే "యేసు క్రీస్తు, దేవుని కుమారుడు, రక్షకుడు" అని వస్తుంది. శిష్యుల్లో కొందరు జాలరులు. బాప్తిస్మం నీటితో జరుగుతుంది. ఆకాశంలోని మీనాన్ని కారణంగా చూపిన తొలి క్రైస్తవ రచన లేదు. పైగా రాశి మండలాల సరిహద్దులు గీతలు గీసినట్టు ఉండవు. నేటి సరిహద్దులను ఖగోళశాస్త్రజ్ఞులు 20వ శతాబ్దంలో నిర్ణయించుకున్నారు. అందుకే "యుగం" ఎప్పుడు మొదలైందో ఒక్కొక్కరు ఒక్కో శతాబ్దం చెబుతారు.

పన్నెండుమంది శిష్యుల సంఖ్యకు దగ్గరి మూలం ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలు. శిష్యులు పన్నెండు గోత్రాలకు తీర్పు తీరుస్తారని సువార్తలే ఆ సంబంధాన్ని చెబుతున్నాయి. అయితే ప్రకటన గ్రంథం పన్నెండో అధ్యాయంలో సూర్యుణ్ని ధరించి, చంద్రుడి మీద నిలిచి, పన్నెండు నక్షత్రాల కిరీటం పెట్టుకున్న స్త్రీ వర్ణనలో ఆకాశ చిత్రాల ప్రభావం ఉందని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. ఒక వాదాన్ని తోసిపుచ్చామని, ఉన్న ఆధారాన్ని కూడా తోసిపుచ్చకూడదు.

9.7 అమరావతి రాయి, యెరూషలేము వృద్ధుడు

ఇక మన ఇంటి ఆధారానికి వద్దాం. క్రోసూరుకు తూర్పున, కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి స్తూపాన్ని కాలిన్ మెకంజీ 1797లో చూశాడు. అక్కడి శిల్పాల్లో అనేకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్‌లో ఉన్న ఒక ఫలకం మీద నాలుగు దృశ్యాలు చెక్కారు: మాయాదేవి కల, పండితులు ఆ కలకు ఫలితం చెప్పడం, సిద్ధార్థుడి జననం, శిశువును శాక్యుల యక్షుడి దగ్గరకు తీసుకెళ్లడం. అసితుడనే వృద్ధ తపస్వి శిశువును చూసి, అతడు బుద్ధుడవుతాడని తెలుసుకుని, అప్పటిదాకా తాను బతకనని ఏడ్చిన కథ పాళీ సుత్తనిపాతంలో ఉంది. లూకా సువార్తలో సుమెయోను అనే వృద్ధుడు దేవాలయంలో శిశువు యేసును ఎత్తుకుని, ఇక ప్రశాంతంగా కన్నుమూస్తానంటాడు. సైడెల్ వంటివారు ఎత్తిచూపిన పోలికల్లో ఇది బలమైనది. ఐదు ప్రశ్నలూ వేసి చూడండి.

కాలం: అసితుడి కథ లూకా కంటే ముందుదే అనుకోవచ్చు. మార్గం: దారి ఉంది. వినుకొండలో టైబీరియస్ నుంచి కారకల్లా వరకు రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు దొరికాయి. యేసును సిలువ వేసిన కాలంలో పాలించిన చక్రవర్తి ఆ టైబీరియసే. అతడి బొమ్మ ఉన్న నాణెం పల్నాటి మట్టిలో దొరకడం ఈ రెండు ప్రపంచాలు ఎంత దగ్గరివో చూపుతుంది. అయితే నాణెం వచ్చిన దారిన కథ కూడా వెళ్లిందని నాణెం చెప్పదు. బుద్ధుడి పేరును ప్రస్తావించినట్టు మనకు తెలిసిన తొలి క్రైస్తవ రచయిత అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంట్. అతడు రాసింది క్రీ.శ. 200 ప్రాంతంలో, అంటే లూకా తరవాత నూరేళ్లకు.

ప్రత్యేకత: వృద్ధుడు, శిశువు, భవిష్యవాణి అనే మూడూ కలిశాయి. తేడాలు: అసితుడు తాను చూడలేనని ఏడుస్తాడు, సుమెయోను చూశానని తృప్తిపడతాడు. కథ గుండెకాయే తిరగబడింది. దగ్గరి మూలం: సుమెయోను పలుకుల్లో యెషయా గ్రంథపు భావాలు నిండి ఉన్నాయి. దేవాలయానికి సమర్పించిన బాలుడి కథ సమూయేలు గ్రంథంలో ఉంది. కాబట్టి "అసాధ్యం కాదు, నిరూపితం కాదు, అవసరమూ కాదు" అన్నదే నిజాయితీ గల తీర్పు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) వినుకొండ నాణేలు దేన్ని నిరూపిస్తాయి? దేన్ని నిరూపించవు?
(ఆ) అసితుడు, సుమెయోనుల కథల్లో ముఖ్యమైన తేడా ఏది?

9.8 నిజంగా రుజువైన సంబంధం

ఇన్ని వాదాలు వీగిపోతే, రెండు ప్రపంచాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడమే లేదా? ఉంది, కానీ అది వేరే చోట ఉంది. వేదాంగ జ్యోతిషంలో నక్షత్రాలున్నాయి, పన్నెండు రాశులు లేవు. రాశిచక్రం బాబిలోనియాలో రూపుదిద్దుకుని, గ్రీకుల చేతుల మీదుగా క్రీ.శ. తొలి శతాబ్దాల్లో భారతదేశానికి వచ్చింది. "యవనజాతకం" అన్న గ్రంథం పేరే ఆ మాట చెబుతుంది. హోర, కేంద్రం గ్రీకు మాటలే. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు మేషానికి క్రియ, వృషభానికి తావురి, సింహానికి లేయ అనే గ్రీకు పేర్లు వాడాడు. జ్యోతిషం తెలిసిన యవనులు రుషుల్లా పూజ్యులని కూడా ఒప్పుకున్నాడు. గ్రహాల పేర్లతో ఉన్న ఏడు వారాలూ అలాగే వచ్చాయి. భారతీయ శాసనాల్లో వారం పేరు తొలిసారి కనిపించేవాటిలో ఒకటి 484 నాటి ఏరణ్ శాసనం.

ఇక్కడ మన ఐదు ప్రశ్నలకూ అవుననే జవాబు వస్తుంది: కాలం, దారి, అరుదైన మాటలు అన్నీ ఉన్నాయి. అదే రాశిచక్రం పాలస్తీనాలో యూదుల ప్రార్థనామందిరాల నేలమీద కూడా కనిపిస్తుంది. హమ్మత్ టైబీరియస్‌లో 4వ శతాబ్దంలో, బేత్ ఆల్ఫాలో 6వ శతాబ్దంలో నడుమ సూర్యుడు, చుట్టూ పన్నెండు రాశులు పొదిగారు. తాము యూదులమన్న విషయంలో ఆ మందిరాలవారికి సందేహం కలగలేదు. మన తెలుగువారు "ఆదివారం" చర్చికి వెళ్తున్నారు, ఆదిత్యుడి పేరున్న రోజని ఎవరూ అనుకోవడం లేదు. కాలగణన భాషను పంచుకోవడం ఒకటి, విశ్వాసాన్ని అరువు తెచ్చుకోవడం మరొకటి.

క్రైస్తవ మత ఆవిర్భావానికి చరిత్రకారులు వాడే ప్రధాన ఆధారాలు ఆకాశంలో లేవు. 50ల నాటి పౌలు లేఖలు, అందులో యేసు సోదరుడు యాకోబును కలిశానన్న ప్రస్తావన, 1వ శతాబ్దం చివరి యూదు చరిత్రకారుడు జోసీఫస్, 2వ శతాబ్దం తొలినాళ్ల రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రచనలు ఆ ఆధారాలు. రోమన్ పాలన కింద నలిగిన గలిలయ, యూదయ ప్రాంతాల్లో ఒక యూదు బోధకుడి చుట్టూ మొదలైన ఉద్యమంగా వారు దీన్ని చూస్తారు. అందులోని అద్భుతాలను నమ్మాలా వద్దా అన్నది చరిత్ర పద్ధతి పరిధి దాటిన ప్రశ్న.

9.9 సారాంశం

జ్యోతిష, పురాణ మూలాల వాదాలు 18, 19 శతాబ్దాల యూరప్, అమెరికా వివాదాల నుంచి వచ్చాయి. మూలగ్రంథాలతో పోల్చినప్పుడు వీటిలో చాలావరకు నిలవవు. మత్తయి నక్షత్రకథలో, ప్రకటన గ్రంథంలో ఆకాశ భాష ఉంది. డిసెంబర్ 25 వెనుక సూర్యపండుగ ప్రభావం ఉండే అవకాశం ఉంది. ఇవి మతం మీద చేరిన పొరలు, దాని పుట్టుక కావు. రాశులు, వారాలు గ్రీకుల ద్వారా భారతదేశానికి రావడం మాత్రం గట్టిగా రుజువైన సంబంధం. "మావి మీరు దొంగిలించారు" అనేవారూ, "మాది ఎవరినీ తాకలేదు" అనేవారూ ఈ ఆధారాల ముందు ఒకేలా తల వంచాలి.

9.10 ముఖ్య పదాలు

అయనచలనం: అయన, విషువ బిందువులు నక్షత్రాల మధ్య నెమ్మదిగా జరగడం.
మాగోయి: మొదట పారశీక పురోహితులు, తరవాత నక్షత్ర, మంత్రవిద్యలు తెలిసినవారు.
కాలక్రమ దోషం: తరవాతి విషయంతో ముందు విషయాన్ని వివరించడం.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. క్రైస్తవ మత ఆవిర్భావం గురించిన జ్యోతిష వాదాలను ఆధారాలతో పరిశీలించండి.
2. రాశిచక్రం భారతదేశానికి వచ్చిన తీరును వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. డిసెంబర్ 25కూ మకర సంక్రాంతికీ గల సంబంధం ఏమిటి?
2. పోలికను పరీక్షించే ఐదు ప్రశ్నలు రాయండి.

III. అభ్యాస కార్యం
మీ ఊరి దేవత, వీరుడు, దర్గా లేదా చర్చి గురించి పెద్దలు చెప్పే ఒక కథను రాసుకోండి. అందులో ఏ భాగం ఎప్పుడు చేరి ఉండవచ్చో, అలా అనడానికి మీ దగ్గరున్న ఆధారమేమిటో ఒక పేజీలో రాయండి. ఆధారం లేని చోట ఖాళీ వదలండి. ఆ ఖాళీని ఊహతో నింపనివారికే ఈ పాఠం అర్థమైనట్టు.